మూడు గుండ్ల మలుపు కాడి గొంతు

మూడు గుండ్ల మలుపు కాడ రాత్రి ఎనిమిది దాటినంక ఎవ్వరు హారన్ కొట్టరు. కొడితే జవాబొస్తది.

కొత్తకోట నుంచి ఊరికొచ్చే రోడ్డు అక్కడ మూడు పెద్ద రాతిగుండ్లను చుట్టుకొని ఒంగుతది. గుండ్ల ఎనక అన్నీ పల్లిచేండ్లే. ఊరి దీపాలు అక్కడికి కనవడవు. పోయిన నెల దాకా అది ఉత్త మలుపు... ఆటోలోళ్లు ఆపి బీడీ ముట్టించుకునే జాగ, అంతే. ఇప్పుడు ఆ మలుపు దగ్గరికొస్తుందంటే ఆటోల పాటలు బంద్, మాటలు బంద్. గేరు గూడ చప్పుడు గాకుండ మారుస్తరు.

ఎందుకంటే అక్కడ సాయిలు అరుస్తడు.

సాయిలు చనిపోయి ఇరవై మూడు రోజులైంది.

మొదలు ఇన్నది పాలాయన. గుండ్ల కాడ బండి ఆగి, కిందికి దిగి కిక్కు కొడుతుండు. చిమ్మచీకటి. ఒక్క కీచురాయి గూడ లేదు. అప్పుడు... ఎనక నుంచి...

"హోయ్...! ఎవర్రా అది...? పో... పో...!"

సాయిలు గొంతే. ఊర్లె అసొంటి గొంతు ఇంకొకటి లేదు. పాలాయన ఉరికిండు. బండి, క్యాన్లు తెల్లారి ఎవరో తెచ్చిచ్చిన్రు.

బతికున్నప్పుడు సాయిలుకు ఒక మైకు ఉండె. అడవిపందులు పల్లిచేను తవ్వకుండ మన అరుపు దాంట్ల నింపి, రాత్రంత మోగిచ్చే చేతి మైకు. ఇప్పుడు చానామంది చేన్లల్ల ఉంది అది. ఊరోళ్లు ఆ ఆలోచన చెయ్యకపోలేదు. కానీ సాయిలు మైకు సాయిలుతోనే పోయింది. చెప్పులు, తువ్వాల, కండ్లద్దాలు, మైకు... అన్నీ ఒక సంచిల ఏసి, గుంతల ఆయన తలకాడ పెడుతుంటే ఊరంత నిలవడి చూసింది. మట్టి గూడ తలా పిడికెడు ఏసిన్రు.

మట్టి కింది మైకు మలుపు కాడ ఎట్ల మోగుతది?

అందుకే ఊరు పరేషాన్ అయింది. ఇంకొకరెవరైనా అయితే ఇంత పరేషాన్ కాకపోదురు. సాయిలు ఊరందరి మనిషి. ఎవరికి జ్వరమొచ్చినా దవాఖాన బెంచి మీద పండుకునేది ఆయన. ఎవరింట్ల పెండ్లయినా ఆఖరు బంతిల కూసుని, మిగిలింది తిని, "మస్తుగుంది" అనేది ఆయన. ఆయన తన చేన్ల నిలవడి ఒక్కసారి "హోయ్" అన్నడంటే చుట్టు నాలుగు చేండ్లోళ్లు ఇండ్లల్ల సుఖంగ నిద్రపోయేటోళ్లు. అసొంటి మనిషి ఇప్పుడు రోడ్డెంట పోయేటోళ్లను పొమ్మంటుండు. ఎవరి మనసుకైనా కష్టమే గదా.

కష్టమైనా సరే, దెయ్యం నోరు కట్టే మేకు కొట్టాలె అనుకున్నరు.

ఆ మాట సాయిలు భార్య అంజమ్మకు చెప్పనీకి ఊరి పెద్దమనిషి వెంకటన్న వచ్చిండు. అరుగు మీద కూసున్నడు. మంచినీళ్లు తాగిండు. చానాసేపు లోటాను చూసిండు.

"కొల్లాపూర్ దిక్కు నుంచి ఒకాయన వస్తుండు చెల్లె. అమాస నాడు. గుండ్ల కాడ మేకు కొడ్తడు."

"మా ఆయనకు మేకు కొడ్తరా అన్నా?"

"ఆయనకెందుకు కొడ్తం? సాయిలు మాకు పరాయోడా? జాగకు కొడ్తం."

"కొట్టినంక... ఆయన ఇగ మాట్లాడడా?"

వెంకటన్న లోటా కింద పెట్టిండు. "అందుకోసమే గదా చెల్లె కొట్టేది."

అంజమ్మ ఖాళీ లోటా తీసుకొని లోపలికి పోయింది.

ఆమె ఆయనకు ఒక మాట బాకీ ఉంది. అది ఊర్లె ఎవ్వరికి తెల్వదు.

అంజమ్మకు, సాయిలుకు పెండ్లయి ఇరవై రెండేండ్లు. బిడ్డ హాస్టల్ల చదువుతుంది. ఇన్నేండ్లయినా, సందు మలుపుల ఆయన బండి చప్పుడు ఇనవడంగనే అంజమ్మ చెయ్యి దానంతట అదే కొప్పు సర్దుకునేది. అంత ఇష్టం. ఇష్టమున్న కాడ కోపం గూడ అట్లనే ఉంటది. ఒకరోజు ఆమె కృష్ణ ఏటి చేపలు తెప్పిచ్చి పొద్దంత పులుసు చేసింది. ఆయన పక్కచేను గోవిందుతోని కొత్తకోటకు పోయి, ఢాబాల తినొచ్చి, "ఆకలి లేదు" అన్నడు.

అంజమ్మ గిన్నె మీద మూత పెట్టింది. "ఇగ నాతోని మాట్లాడకు" అన్నది.

ఆయన మాట్లాడలే.

మొదటి రోజు మాట్లాడలే. రెండో రోజు అన్నం కాడ ఉప్పు కావాలంటే ఉప్పు డబ్బా దిక్కు ఏలు చూపిచ్చిండు. ఆమెకు నవ్వొచ్చింది. కానీ దాచుకుంది. మూడో రోజు పొద్దున చేనుకు పోతూ వాకిట్ల ఒక్క గడియ నిలవడ్డడు... ఆమె తలెత్తలే. నాలుగో రోజు నవ్వుదామనుకుంది.

ఆ మూడో రోజే చేను గట్టు మీద సాయిలు కూలిపోయిండు. దవాఖానకు చేరేసరికి గుండె ఆగిందన్నరు.

మాట్లాడకు అన్నది ఆమెనే. మాట్లాడు అని ఆమెనే చెప్పాలె. లేకపోతే ఆయన అట్లనే ఉంటడు — అంత మాట ఇనే మనిషి. మేకు కొట్టినంక చెప్తే ఏం లాభం?

అమాస రేపనంగ, ఆ రాత్రి ఊరు పండుకున్నంక అంజమ్మ లేచింది.

ముఖం కడుక్కుంది. ఆయనకు నచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. అద్దం అంచుకు అంటుకొని ఒక పాత బొట్టుబిళ్ళ ఉంటే తీసి పెట్టుకుంది. దినాల నాడు ఊరు తీపిచ్చిన బొట్టు అది. ఊర్లెకు పోయేటప్పుడు లేకుంటే లేకపాయె... ఆయన కాడికే పోయేటప్పుడు ఎట్ల? తలుపు దగ్గరికేసి బయటవడ్డది.

చలి. నెత్తిమీద చుక్కలు జిగజిగ మెరుస్తున్నయ్. చేండ్ల మీది నుంచి తడిమట్టి వాసన. ఆమె అడుగుల చప్పుడు ఆమెకే ఇంకెవరో ఎంట వస్తున్నట్టు ఇనవడుతుంది. ఆగితే ఆగుతది. నడిస్తే నడుస్తది. ఒకసారి ఎనక్కి చూసింది — ఎవ్వరు లేరు. సగం దూరంల ఎడమకాలు చెప్పు తెగింది. చేతిల పట్టుకుంది.

మూడు గుండ్లు చీకట్ల ఇంకింత నల్లగ కనవడ్డయ్.

ఆమె నిలవడ్డది. ఊపిరి బిగవట్టింది.

ఏం లేదు.

ఏం లేదు...

"హోయ్...! ఎవర్రా అది...?"

అంజమ్మ చెయ్యి కొప్పు మీదికి పోయింది.

"నేనే..." అన్నది మెల్లగ.

"పో... పో...!"

ఆమెకు అర్థం కాలే. గుర్తుపట్టలేదేమో అనుకుంది. రెండడుగులు ముందుకేసి, గొంతు జర పెంచి అన్నది — "నేనే అయ్యా... అంజమ్మను."

నిశ్శబ్దం. గాలి గూడ ఆగినట్టుంది. ఆయన ఆలోచిస్తుండు అనుకుంది.

"హోయ్...! ఎవర్రా అది...?"

"అంజమ్మను అంటున్న గదా!"

"పో... పో...!"

కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ ఆమెకు. ఇంకా కోపం పోలేదన్నట్టు. చేపల పులుసుకు ఇన్ని దినాలు కోపమా? చచ్చినంక గూడనా? గట్టు మీద కూలవడి జరసేపు ఏడ్చింది. ఆ జరసేపట్ల ఆయన నాలుగుసార్లు పొమ్మన్నడు.

నాలుగోసారికి ఆమెకే కోపమొచ్చింది.

"పొమ్మంటవా? ఊరంత నీకు మేకు కొడ్తా అంటే, చీకట్ల ఒక్కదాన్నే నడిచొస్తే, చెప్పు తెగితే... నన్ను పొమ్మంటవా? ఉండు, వస్తున్న!"

తెగిన చెప్పు చేతిల పట్టుకొని ఆమె ఆ గొంతు దిక్కు నడిచింది. పల్లిమొక్కల మీది మంచు చీర కుచ్చిళ్లను తడుపుతుంది. నడుమ గుండు దాటింది. దాని ఎనక... ఒక తుమ్మచెట్టు. చెట్టు కింద ముసుగేసుకొని... ఏదో కూసోనుంది.

ఆమె నిలవడ్డది. అది లేచింది.

"అమ్మో...!"

అరిచింది అంజమ్మ గాదు. ముసుగే అరిచింది. అరిచి, చెట్టుకు వీపు ఆనించి, రెండు చేతులు జోడిచ్చింది.

"వదినా... నువ్వు గూడ చచ్చిపోయినవా? ఎప్పుడు?"

గోవిందు.

"నీ నోట్ల మన్నువడ! నేనెందుకు చస్త?"

"మరి గీ రాత్రి... గా చీర..."

"ఎట్లుంటే నీకేం? ఆయనేడి?"

గోవిందు చెట్టు కొమ్మ దిక్కు చూసిండు. కొమ్మకు తువ్వాలతోని కట్టిన మైకు. చిన్నగ పచ్చలైటు.

"హోయ్...! ఎవర్రా అది...? పో... పో...!" అన్నది మైకు.

అంజమ్మ చానాసేపు దాన్ని చూసింది. తర్వాత గోవిందును చూసింది. చేతిలున్న చెప్పును గూడ ఒకసారి చూసుకుంది.

"కొట్టు వదినా" అన్నడు గోవిందు. "కొట్టు. గుంతల సంచి పెట్టింది నేనే గదా. పెట్టేముందు దాన్ని తీసి అంగీల దాసుకున్న. బదులు నా కొత్త టార్చిలైటు ఏసిన. అన్నకు చీకటి గాకుండ."

"ఎందుకు తీసినవ్ రా?"

"ఆ గొంతును మట్టిల పెట్ట బుద్ది కాలే."

గోవిందు కింద కూసున్నడు. పన్నెండేండ్లు ఈ చేన్ల గోవిందు, ఆ చేన్ల సాయిలు. ఇద్దరి నడుమ ఈ గట్టే. రాత్రంత ఈ పక్క "హోయ్" అంటే ఆ పక్క "హోయ్". కథలు, ముచ్చట్లు, తిట్లు, అన్నీ ఆ చీకట్లనే, ముఖాలు కనవడకుండనే.

"నేను అరిస్తే పందులు పోతలేవు వదినా. నిలవడి నా దిక్కే చూస్తున్నయ్. పందులు పోతే పోనీ... ఆ పక్క నుంచి జవాబు రాకపోతే నాకు నిద్ర పడ్తలేదు."

"ఊర్లె చెప్పకపోతివి? దెయ్యం దెయ్యం అని ఆయన పేరు ఖరాబు చేస్తున్రు గదరా!"

"శవం కాడి సొమ్ము ఎత్తుకొచ్చినోడు అంటరని భయపడ్డ."

"రేపు అమాస. మేకు కొట్టేటాయన రాకముందే పొద్దుగాల వెంకటన్న కాడికి పోయి చెప్తవా, లేదా?"

"చెప్త వదినా. నీ మీద ఒట్టు."

"నా మీద వద్దు. నీ మీదనే ఏస్కో."

ఒట్టేసుకున్నడు. అంజమ్మ చెయ్యి చాచింది. "ఇటియ్యి."

గోవిందు మైకు ఇప్పి, మోత ఆపి, ఆమె చేతికిచ్చిండు. తన మీద తనకే సిగ్గయ్యి అటు తిరిగి, దుప్పటి నోట్ల కుక్కుకొని ఏడ్సుకుంట కూసున్నడు.

అంజమ్మ మైకును ఒళ్లె పెట్టుకుంది. సాయిలు చేతులు పట్టీ పట్టీ పిడి నున్నగైంది. ఆయన లేడు, ఇది ఉత్త డబ్బా అని ఆమెకు తెలుసు. కానీ ఇంత దూరం వచ్చింది. చెప్పాల్సింది చెప్పకుండ ఎట్ల తిరిగి పోతది? మైకును అందరు పట్టుకున్నట్టే రెండు చేతులతోని నోటి కాడికి తెచ్చుకుంది. బొటనవేలు ఏ బటన్ మీదుందో చూసుకోలే.

"ఏమయ్యా..." అన్నది గుసగుసగ. "ఆ దినం కోపంల అన్న. మనసుల లేదు. ఇగ మాట్లాడు."

అట్లనే పట్టుకొని కూసున్నది. చేన్ల గాలి ఒకసారి అటు నుంచి ఇటు పోయింది. అప్పుడు చెయ్యి దించింది.

గోవిందు తల తిప్పిండు. మైకు మీద ఒక ఎర్రలైటు అప్పుడే ఆరిపోతుంది.

"వదినా... ఎర్ర బటన్ ఒత్తినవా?"

"ఏమైతది?"

"అది నింపే బటన్. కొత్తది నింపితే... పాతది పోతది."

గోవిందు మోకాళ్ల మీద వచ్చి, నల్ల బటన్ ఒత్తిండు.

"ఏమయ్యా..." అన్నది మైకు. అంజమ్మ గొంతు. "ఆ దినం కోపంల అన్న. మనసుల లేదు. ఇగ మాట్లాడు."

సాయిలు గొంతు లేదు. పోయింది. ఊరంతట్ల, ఫోన్లల్ల, యాడ గూడ ఇంకొకటి లేదు. ఒక్క బొటనవేలుతోని అంజమ్మ రెండోసారి ఆయన్ని పోగొట్టుకుంది.

ఆమె ఏడ్వలే. ఏడ్సేదానికి గూడ టైం దొరకలే. ఎందుకంటే మైకు ఇంకా ఆగలే. ఆమె మాటెనక సుయ్యిమని గాలి చప్పుడు వస్తుంది... వస్తుంది... దాని ఎనక —

"ఊఁ."

అంజమ్మ గోవిందును చూసింది.

"నేననలే వదినా" అన్నడు గోవిందు. "నా నోట్ల దుప్పటి ఉండె."

నల్ల బటన్ మళ్ల ఒత్తిన్రు. ఆమె గొంతు. గాలి. తర్వాత... మెల్లగ, దగ్గర నుంచి, ఆమె భుజం కాడ కూసున్నోళ్లు అన్నట్టు...

"ఊఁ."

మూడోసారి గూడ అంతే.

గోవిందు పండ్లు టకటక కొట్టుకుంటున్నయ్. అంజమ్మ మైకు ఆపింది. చీర కుచ్చిళ్లు దులుపుకుంది. చెదిరిన కొప్పు ముడేసుకుంది. పక్కన ఇంకొకరు కూసునేంత జాగ ఇచ్చి, చెట్టుకు ఆనుకొని నిమ్మలంగ కూసున్నది.

"గోవిందూ" అన్నది, "నీకు నిద్రొస్తలేదా?"