కొట్టేసిన ఏడో అధ్యాయం

పొద్దున్నే కాఫీ కప్పులు తీయబోయిన కోడలికి బల్ల మీద తన నవల ప్రూఫులు కనిపించాయి. ఏడో అధ్యాయం మొత్తం ఎర్ర పెన్నుతో కొట్టేసి ఉంది. పదింటికల్లా అవి ప్రచురణకర్తకు చేరాలి.

"ఇదేంటండీ?" అంది భర్తతో.

"అమ్మ ఇల్లు వదిలి వెళ్లిపోయిన సంగతి ఊరందరికీ చాటాలా? పేరు మార్చినంత మాత్రాన పోల్చుకోలేరా? అది తీసేయ్."

"తీయను. అది లేకపోతే ఈ నవలే లేదు. నా పుస్తకంలో ఏముండాలో మీరు తేల్చక్కర్లేదు."

"నాలుగేళ్లవాణ్ణి నన్ను వదిలేసి పోయింది. నానమ్మ చెప్పి చెప్పి ఏడ్చేది. అది అందరూ చదవాలా?"

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన మనిషి. పెళ్లిపత్రిక ఇచ్చినా తప్పులు దిద్దిగానీ పక్కన పెట్టదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కొట్టేసిన ప్రతి వరుస కిందా పెన్సిలుతో చుక్కలు పెట్టసాగింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"కింద చుక్కలు పెడితే, కొట్టేసినా సరే ఉంచమని అర్థం. రాయమన్నది నేనే. మీ నాన్న ఉద్యోగం మానమన్నారు, నేను ఇల్లు వదిలాను. ఆయన దిగొచ్చాకే తిరిగొచ్చాను. ఇందులో నాకు లేని సిగ్గు నీకెందుకు? ఇంతకీ చదివి కొట్టేశావా, చదవకుండానే కొట్టేశావా?"

అతను మొదటి పేజీ దాటలేదని తెలుస్తూనే ఉంది. ఆమె రెండో పేజీ అతని ముందుకు తోసింది.

ఆ పేజీలో, గడప దాటిన ఆ మనిషి చంకలో పిల్లాడున్నాడు. పదకొండు రోజులు ప్రెస్సు మేడ మీది గదిలో, కాగితాల కట్టల మీద, తల్లి పక్కనే పడుకున్నాడు.

"నన్నూ తీసుకెళ్లావా?"

"వదిలేసి వెళ్తానా? మీ నానమ్మకి నా మీద కోపం, అలా చెప్పింది. ఒక్కసారి నన్నడిగితే చెప్పేదాన్ని కదరా."

ఇన్నేళ్లూ తల్లి మీద పెంచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అతను వెక్కివెక్కి ఏడ్చాడు. కోడలు భుజం మీద చెయ్యి వేసింది. తన ప్రూఫుల మీద పెన్ను పట్టినందుకు మాత్రం ఇంకా క్షమించలేదు, ఆ సంగతి తర్వాత తేలుతుంది.

"అక్కడ నేను ఏడ్చేవాణ్ణా అమ్మా?"

"లేదు. నేనూ ఏడవలేదు." అత్తగారు ఎర్ర పెన్ను తీసి కోడలి చేతిలో పెట్టింది. "నాలుగో పేజీలో నువ్వే నన్ను ఏడిపించావు. అదొక్కటి కొట్టెయ్యి."