రక్తానికి అందని తీపి

“ఇద్దరు సాక్షులు పోయారు. ఒంట్లో విషం లేదు, గాయం లేదు,” అన్నాడు చీఫ్. “మూడో ఆయన రేపు మధ్యాహ్నం విదేశీ ముఠాకు అమ్ముడుపోయిన మనవాళ్ల పేర్లు చెప్పాలి. అప్పటిదాకా బతికుండాలి. ముగ్గురికీ షుగరే.”

“ఇంట్లోనే ద్రోహి ఉంటే?” అడిగింది ఎదురుగా కూర్చున్న ఏజెంటు.

“పాలు విరిగాయని ఫోన్ చెయ్. కాపలావాళ్లని లోపలికి పంపిస్తాను.”

డిపార్ట్‌మెంట్‌లో ఆమెను పిన్ని అంటారు. సాక్షిని దాచిన సేఫ్‌హౌస్‌లో వంటమనిషి వేషంలో చేరింది. అక్కడున్నది సాక్షి, అంటే రహస్య సంకేతాలు చూసి రిటైరైన కోడ్ ఆఫీసరు, ఆయన డ్రైవరు, గేటు దగ్గర కాపలావాళ్లు, ఆయన తిండీ మందులూ చూడ్డానికి డిపార్ట్‌మెంటే పంపిన డైటీషియన్. ఈ డైటీషియన్ మెట్లు దిగుతుంటే కాపలావాళ్లు గేటు వెయ్యడం మర్చిపోతారు. అంత అందగత్తె.

మర్నాడు పొద్దున్నే డ్రైవరు పొట్ట పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

“కడుపులో ఒకటే గుడగుడ పిన్నిగారూ. నవ్వకండి.”

“ఏం తిన్నావు?”

“అయ్యగారి గ్లూకోజ్ బిళ్ళలు... ఓ గుప్పెడు. షుగర్ పడిపోతే చప్పరిస్తారే, అవి.”

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. గ్లూకోజుకు కడుపు ఇలా ఉబ్బదు. సరిగా అరగక, పేగుల్లో పులిసి గ్యాసు రేపేది షుగర్‌ఫ్రీ తీపి. నాలుకకు తియ్యగానే ఉంటుంది. రక్తంలో చక్కెర మాత్రం దాదాపు కదలదు.

డబ్బాలోని పంచదార చెంచాలో పోసి మంట మీద పెట్టింది. ఎర్రబడలేదు, మాడు వాసన రాలేదు. నీళ్లలా కరిగి ఊరుకుంది. ఇదీ మార్చేశారు.

“అయ్యగారికి ఇన్సులిన్ అయిందా?”

“ఎప్పుడో. తిండి మాత్రం అప్పుడే వద్దంది డైటీషియనమ్మ.”

ఇన్సులిన్ ఇచ్చి తిండి ఆపితే చక్కెర పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, ఈ బిళ్ళలు దాన్ని లేపవు. పిన్ని ఫోనందుకుంది. “పాలు విరిగాయి.” డ్రైవరు వైపు తిరిగింది. “కారులో కూల్‌డ్రింక్ ఉందా? డైట్ కాదుగా?”

“నా వాలకం చూస్తే డైట్‌లా ఉందా?”

“పరిగెత్తు!”

హాల్లో ఆఫీసరు చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుంది. మాట ముద్దగా వస్తోంది. డైటీషియన్ పక్కనే కూర్చుని, కన్నకూతురిలా బిళ్ళ నోటికందిస్తోంది.

“ఇంకొక్కటి అంకుల్. సర్దుకుంటుంది.”

“ఆ ఇద్దరికీ ఇలాగే పెట్టావా అమ్మాయ్?” అడిగింది పిన్ని, దగ్గరికొచ్చి.

ఆమె నవ్వు చెదరలేదు. చెయ్యి మాత్రం హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. పిస్టల్ పైకి లేచేలోపు పిన్ని గరిటె మణికట్టు మీద పడింది.

“తీపేగా పెట్టాను,” అంది డైటీషియన్, కాపలావాళ్లు రెక్కలు పట్టుకుంటుంటే. “పోస్టుమార్టంలో ఏం చూపిస్తారు?”

ఆఫీసరు కళ్లు మూతపడుతున్నాయి. డ్రైవరు రొప్పుతూ తెచ్చిన సీసాను పిన్ని ఆయన నోటికి పెట్టింది.

“మింగండి అయ్యగారూ. నిద్రపోకండి. మింగండి.”

మొదటి గుక్క గడ్డం మీదుగా కారిపోయింది. రెండోది లోపలికి దిగింది.

పిన్ని మళ్లీ మళ్లీ ఆయన వేలు గుచ్చి చక్కెర చూసింది. చాలాసేపటికి గ్లూకోమీటరులో అంకె పైకి పాకింది. ఆఫీసరు కళ్లు తెరిచి, సీసా వైపు ఆశగా చూశాడు.

“ఎన్నేళ్లయిందో తాగి! ఇంకో గుక్క?”

పిన్ని మూత బిగించింది. “చాలండి. మీకసలే షుగరు.”