ధనంజయ ఇచ్చిన స్పీకర్లు

చక్రధర్‌కు పాటల కంటే పాటలు వినిపించే పెట్టెల మీద పిచ్చి ఎక్కువ. తిరుపతిలో వాళ్ళు అద్దెకుండే ఇంటి హాలు నాలుగు కుర్చీలు వేస్తే నిండిపోతుంది. "ఇంకొక్క డబ్బా ఇంట్లోకొచ్చిందంటే నేను బయటికి పోతా, సూడు" అని భార్య మహిత బెదిరించి చాలా కాలమైంది. అయినా నగరి నుంచి చిన్ననాటి స్నేహితుడు ధనంజయ ఫోన్ చేసి, "మా నాయన స్పీకర్లు ఇచ్చేస్తుండానప్పా, నీకే మొదట చెప్తుండా" అనేసరికి మనిషి నిలవలేదు. ఆదివారం పొద్దున్నే ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని బయలుదేరాడు.

అవి అల్లాటప్పా స్పీకర్లు కావు. మనిషి ఛాతీ దాకా వచ్చే టేకు పెట్టెలు, నేల మీద నిలబడే జత. ధనంజయ తండ్రి మునస్వామి మగ్గాల మీద నాలుగు రాళ్ళు వెనకేసిన రోజుల్లో మద్రాసు నుంచి తెచ్చుకున్నవి. కన్నకొడుకును కూడా వాటి మీద చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదాయన. సెలవులకు ఆ ఇంట్లో పడి ఉండే చక్రధర్‌ను మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని, "ఇదినరా" అంటూ వినిపించేవాడు. చక్రధర్ కూడా ఆయన్ని నోరారా 'నాయనా' అనే పిలిచేవాడు.

ధనంజయ ఇంటి వెనక షెడ్డులో మగ్గాలు ఆగి ఉన్నాయి. ఆదివారం కదా అనుకున్నాడు చక్రధర్. తలుపు తీసిన ధనంజయ గుండుతో కనిపించాడు.

"ఏమప్పా, కొండకు పోయింటివా? తిరుపతి దాకా వచ్చి మా ఇంటికి రాకుండా పోతావా?"

"మొక్కుండె. బిన్నా పోయి బిన్నా వచ్చేసినాం, నిలిచేదానికి పొద్దు లేకపాయ" అన్నాడు ధనంజయ, ఎటో చూస్తూ.

తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి గుండు ఒక వింతా? వీధిలోకి వస్తే వందల గుండ్లు చూసే కన్ను ఇంకో గుండు దగ్గర ఆగలేదు.

స్పీకర్ల ముందున్న గుడ్డ తీసి, బొటనవేలితో లోపలి కాగితపు కోనును మెల్లగా నొక్కి చూశాడు చక్రధర్. ఎక్కడా గీరుకోలేదు. అంచులు కూడా గట్టిగానే ఉన్నాయి. సంతోషంతో తలెత్తితే, గోడకు ఆనుకుని కూర్చున్న ధనంజయ కూతురు కనిపించింది. తన కూతురు లోహిత ఈడుదే. పలకరిస్తే పలకలేదు.

"జరం దానికి" అన్నాడు ధనంజయ.

"నాయన యాడ?"

"లోపల పండుకోనుండాడు. లేపొద్దు. పోయేటప్పుడు మాత్రం గడప కాడ్నుంచే పోయొస్తానని చెప్పి, మీ ఇంటికి రమ్మని ఒక మాట అనిపో అబ్బా. నిన్ను అడగతానే ఉండాడు."

తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపలంతా చీకటి. నూలుకు పట్టించే గంజి వాసన గుప్పున కొట్టింది. చక్రధర్ గడప ఇవతల నిలబడి, "పోయొస్తా నాయనా. నువ్వు గూడా మా ఇంటికి రా. మా పాపను సూద్దువు" అన్నాడు.

లోపల మంచం కిర్రుమంది. పక్కనున్న ధనంజయ పెద్దగా ఊపిరి వదిలాడు. స్పీకర్లు ఆటోలోకి ఎత్తేటప్పుడు కూడా వాడు చక్రధర్ ముఖంలోకి చూడలేదు.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. వాన మొదలైంది, దాంతోపాటే కరెంటు పోయింది. మహిత కొవ్వొత్తి వెలిగించి, గోడ పక్కన నిలబెట్టిన ఆ రెండు పెట్టెలను చూసి తల కొట్టుకుంది. వైర్లు ఇంకా కవర్లోనే ఉన్నాయి. లోహిత మాత్రం నేల మీద కూర్చుని ఒక స్పీకరుకు చెవి ఆనించింది.

"నాయనా... దీంట్లో తాత దగ్గుతుండాడు."

చక్రధర్ నవ్వాడు. నవ్వుతూనే వంగి తనూ చెవి పెట్టాడు.

వాన చప్పుడు. ఇంకేమీ లేదు. తర్వాత, చాలా లోపల, ఎవరో గొంతు సవరించుకున్నారు... కఫం పట్టిన ముసలి గొంతు. హాలంతా గంజి వాసన కమ్ముకుంది.

"ఇదినరా..."

చక్రధర్ వెనక్కి పడ్డాడు. ఆ గొంతు అతనికి బాగా తెలుసు. కూతురి చెయ్యి పట్టి లాగాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. లోహిత నోరు తెరిచింది గానీ మాట రాలేదు. కళ్ళు స్పీకరు మీదే ఉన్నాయి. మహిత పిల్లను వాటేసుకుని పేరు పెట్టి పిలుస్తూనే ఉంది... పలుకు లేదు.

చక్రధర్ ధనంజయకు ఫోన్ చేశాడు.

"నాయన యాడుండాడు? నిజం చెప్పు."

"పోయి పది దినాలు దాటింది అబ్బా" అన్నాడు ధనంజయ గుసగుసగా.

"నీ గుండు..."

"కొండకు గాదు. రేయీ పగలూ మా పాపను పిలస్తానే ఉన్నాడు. దానికి నోరు పడిపాయ. ఆయనకు ఇష్టమైనోళ్ళు ఎవురన్నా రమ్మంటే తప్ప గడప దాటడన్నారు. నువ్వు గాక ఇంకెవురుండారు చెప్పు?"

వాడి వెనక ఒక చిన్నపిల్ల గలగలా మాట్లాడుతోంది. అన్నం పెట్టమని అడుగుతోంది.

"నాకూ పాప ఉండాది గదరా!"

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్.

చావు జరిగిన ఇంట్లో పోయొస్తానని చెప్పకూడదు, ఎవరినీ రమ్మనకూడదు. ఆ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. తెలిసే వాడు చావును దాచాడు, తెలిసే తనతో ఆ రెండు మాటలూ అనిపించాడు. ఒకే కంచంలో తిన్నవాడు తన కూతురిని కాపాడుకోవడానికి ఇంకొకడి కూతురిని చూపించాడు. చక్రధర్‌కు కోపం ముంచుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

రెండు పెట్టెలనూ ఒకదాని వెనక ఒకటి ఈడ్చుకుంటూ గేటు బయటికి చేర్చాడు. ఒళ్ళంతా తడిసిపోయింది. చీకట్లో వాటికి ఎదురుగా నిలబడ్డాడు. ఎంత ప్రేమగా చూసిన మనిషి!

"పో నాయనా... ఈడ నీకు చోటు లేదు. మళ్ళా రావద్దు."

దగ్గు ఒక్కసారి వినిపించింది. తర్వాత లేదు. గంజి వాసన కూడా పోయింది. ఉత్త తడిమట్టి వాసన. చక్రధర్ కళ్ళు మూసుకుని గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు అతని అరచేతిలోకి ఒక చిన్న చెయ్యి దూరింది.

"నువ్వెందుకొచ్చినావే వానలో? పద, పద" అని ఆ చెయ్యి పట్టుకునే మెట్లెక్కాడు. ప్రాణం కుదుటపడింది. తలుపు నెట్టి లోపల కాలు పెట్టేసరికి కరెంటు వచ్చింది.

ఎదురుగా మహిత గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో పడుకున్న లోహిత మెల్లగా తలెత్తింది.

"తాత పోయినాడా నాయనా?"

మళ్ళీ గంజి వాసన గుప్పుమంది, 'పద, పద' అని లోపలికి పిలిచింది తనే. పక్కకు తిరిగి చూసే ధైర్యం చక్రధర్‌కు లేకపోయింది. అతని చేతిలో ఆ చిన్న వేళ్ళు ఇంకా గట్టిగా బిగుసుకుంటున్నాయి.