మొదటి తూటా సంగతి

గంప నిండిపోయింది. పొదల్లో ఇంకా ఎర్రెర్రగా బెర్రీలు కనిపిస్తూనే ఉన్నాయి. పదకొండేళ్ల సైమీకి వాటిని వదిలి వెళ్లబుద్ధి కాలేదు. ఒంటి మీదున్న నారింజ రంగు కోటు విప్పి, అంచులు ముడివేసి, సంచీలా చేసుకుంది. మళ్లీ కోయడం మొదలుపెట్టింది.

ఫిన్లాండ్‌లో కైనూ వైపు అక్టోబరు వచ్చిందంటే అడవి నిండా వేటగాళ్లే. మూస్ అనే పెద్ద జింకల కోసం వస్తారు. ఆ రోజుల్లో అడవిలోకి వెళ్లేవాళ్లు ఎవరైనా సరే, ఆఖరికి కుక్కలైనా సరే, నారింజ రంగు వేసుకోవాల్సిందే. ఆ పొద్దున తాతయ్యే సైమీకి కోటు గుండీలు పెట్టి పంపాడు.

సైమీ పొద వెనక వంగి ఉంది. ఉన్నట్టుండి ధన్‌మని తుపాకీ పేలింది. పక్కనే ఉన్న చెట్టు బెరడు ఎగిరి ఆమె జుట్టులో పడింది. సైమీ నేలకు కరుచుకుపోయింది.

తుపాకీతో పరుగెత్తుకొచ్చినవాడు పక్కింటి రైమో. సైమీ క్లాస్‌మేట్ హిల్లా వాళ్ల నాన్న. ఆమెను చూడగానే ఆయన మొహం పాలిపోయింది. పొద కదిలితే మూస్ అనుకున్నానన్నాడు. దెబ్బ తగిలిందా అని రెండు మూడుసార్లు అడిగాడు. తగల్లేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నాడు. అప్పుడు ఆయన చూపు బెర్రీల మూట మీద పడింది.

"ఒంటి మీద ఉండాల్సిన కోటును మూట కట్టావా? మీ తాతయ్యకు తెలిస్తే ఇంక నిన్ను అడవిలోకి రానిస్తాడా?" అన్నాడు. కాస్త ఆగి గొంతు తగ్గించాడు. "సరేలే. నువ్వూ చెప్పకు, నేనూ చెప్పను."

సైమీ తలూపింది. మూటలోని బెర్రీలు అక్కడే ఒంపేసి, కోటు వేసుకుని ఇంటికి వచ్చింది. ఏమైనా తుపాకీ చప్పుడు వినిపించిందా అని తాతయ్య అడిగితే, ఎక్కడో దూరంగా అంది.

తాతయ్య కుక్క పేరు తూరో. మూస్‌ను వెతికి పట్టుకుని, వేటగాళ్లు వచ్చేదాకా మొరుగుతూ నిలబెట్టడం దాని పని. రాత్రిళ్లు మాత్రం సైమీ కాళ్ల దగ్గర పడుకునేది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం తాతయ్య ప్రాణం లేని తూరోను తన కోటులో చుట్టి తెచ్చాడు. చిన్న చెట్లు కదిలాయని రైమో కాల్చాడట. తాతయ్య ఏడవలేదు. కుళాయి కింద చాలాసేపు చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు.

ఆదివారం పొద్దున వేట బృందమంతా తమ గుడిసెలో కూర్చుంది. సైమీ కూడా తాతయ్యతో వెళ్లింది. బృందానికి పెద్ద తెల్లెర్వో అనే ఆవిడ. ఏం జరిగిందో చెప్పమని ఆవిడ రైమోను అడిగింది. ముప్పై ఏళ్లుగా తుపాకీ పడుతున్నాననీ, ఒక్కసారి కూడా తప్పుగా కాల్చలేదనీ, కుక్కే అడ్డం వచ్చిందనీ రైమో చెప్పాడు. పాపం, ఎవరికైనా జరగొచ్చని ఇద్దరు ముగ్గురు అన్నారు. తాతయ్య నేల వైపు చూస్తున్నాడు.

సైమీ లేచి నిలబడింది.

"ఒకసారి జరిగింది," అంది. "పోయిన వారం నా వైపు కాల్చాడు. నేను కోటు విప్పేసి ఉన్నాను. తిడతారని ఎవరికీ చెప్పలేదు."

రైమో ముందు తేరుకున్నాడు. "అదే చెబుతున్నా. పిల్ల ఒంటి మీద రంగు లేకపోతే నాకెలా తెలుస్తుంది?"

"తూరో ఒంటి మీద ఉంది కదా, రైమో," అంది తెల్లెర్వో. "అది కనిపించిందా? నువ్వు చూసింది పిల్లనీ కాదు, కుక్కనీ కాదు. ఆకులు కదలడం చూశావు. అంతే, కాల్చేశావు."

ఇకమీదట బృందంతో రావద్దని తెల్లెర్వో అతనికి చెప్పింది. పోలీసులకు కూడా తెలియజేస్తానంది.

తాతయ్య సైమీతో కలిసి ఇంటికి నడిచాడు. గేటు దగ్గర ఆగాడు. "ఆ రోజే చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టి, మిగతాది అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సైమీకి. ఆ మిగతా మాట ఆమెకు తెలుసు.

సోమవారం స్కూల్ బస్సులో హిల్లా తన బ్యాగు తీసుకుని వేరే సీటుకు మారింది. "మా నాన్న రెండు రోజులుగా సరిగా తినడం లేదు. ఒక కుక్క కోసం ఇంత చేస్తావా?" అంది. సైమీ దిగేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

గురువారం సాయంత్రం పోలీసుల నుంచి ఫోన్ వచ్చింది. జరిగింది సైమీ ఇవాళే స్టేషన్‌కు స్వయంగా వచ్చి చెప్పాలట. అమ్మకు ఇష్టం లేదు.

"చెప్పింది చాలు. రేపు పొద్దున లేస్తే వాళ్ల మొహాలే చూడాలి మనం. చిన్నపిల్లవు, సరిగా గుర్తులేదంటే ఎవరూ ఏమీ అనరు."

తాతయ్య టేబుల్ వైపే చూస్తున్నాడు. సైమీ చేతిలోని రొట్టెను పళ్లెంలో పెట్టింది.

"నాకు గుర్తుంది," అంది.

బూట్లు వేసుకుని, వెళ్లి కారులో కూర్చుంది. కాసేపటికి తాతయ్య తాళాలు తీసుకుని వచ్చాడు.

కారు హిల్లా వాళ్ల ఇంటి ముందు నుంచి వెళ్లింది. ఎప్పుడైనా కిటికీ దగ్గర హిల్లా ఉంటే సైమీ చెయ్యి ఊపేది. ఇవాళ కూడా ఉంది. సైమీని చూసి కర్టెన్ లాగేసుకుంది. సైమీ తల తిప్పుకోలేదు.