గోడ అవతల తెలుగు

ఆ ఎడారి దేశం వచ్చి నాలుగు నెలలైనా, మా గేటెడ్ కమ్యూనిటీలో నాకు తెలుగు ముక్క వినబడలేదు. ఆయన ప్లాంటుకు వెళ్తే నాకు తోడు ఏసీ హోరొక్కటే. పైగా వేసవి సెలవులు. నలభై విల్లాల్లో మనుషులున్నవి నాలుగో ఐదో.

ఆ మధ్యాహ్నం ఇసుక తుఫాను లేచింది. చూస్తుండగానే కిటికీలు ఇటుక రంగుకు తిరిగి, నల్లబడ్డాయి. కరెంటు పోయింది. ఏసీ ఆగితే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని అప్పుడే తెలిసింది. ముక్కులో మట్టి వాసన, పళ్ళ కింద ఇసుక. వంటింట్లో కొవ్వొత్తి వెలిగించాను.

"అక్కా... మీకూ పోయిందా కరెంటు?"

గోడ అవతల ఆడపిల్ల గొంతు. తెలుగు! నాకు ప్రాణం లేచొచ్చింది.

"పోయిందమ్మా! ఎప్పుడొచ్చారు మీరు?"

"చాలా రోజులైందక్కా. మీ మాటలు రోజూ వింటుంటా. మీ ఆయన గురకకు నాకూ నిద్రుండదు."

పడీ పడీ నవ్వాను. గోడకు చెవి ఆనించి అరగంట కబుర్లాడాను. నాలుగు నెలల మూట ఒక్కసారే విప్పినట్టు.

"ఒక్కదాన్నే ఉన్నానక్కా, భయంగా ఉంది. తలుపు తీస్తారా?"

"దానికేం, వచ్చెయ్!"

కొవ్వొత్తి పట్టుకుని వెళ్ళి వీధి తలుపు గడియ మీద చెయ్యి వేశాను. అప్పుడు తట్టింది... మాది వరసలో చివరి విల్లా. వంటింటి వైపు ఇల్లే లేదు. ప్రహరీగోడ, దాని వెనక ఇసుక. అంతే.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"అక్కా..." ఈసారి తలుపు దగ్గరే. గుసగుసగా. "తియ్యక్కా..."

కొవ్వొత్తి జారి ఆరిపోయింది. చీకట్లో గోడలు తడుముకుంటూ పడగ్గదిలోకి పరుగెత్తి లోపల గడియ పెట్టాను. పొద్దున ఛార్జింగుకు పెట్టిన ఫోను అక్కడే ఉంది. ఆయనకు చేశాను.

"ఏవండీ... త్వరగా రండి... బయట ఎవరో..."

"మళ్ళీ ఏమైందే? ఇప్పుడేగా మాట్లాడావు!"

"నేనా? నేనసలు ఫోను ముట్టుకోలేదండీ..."

"బాగుంది సంబడం! పావుగంట కింద నేను చేస్తే ఎత్తావుగా? పక్కింటి అమ్మాయి భయపడుతోంది, మన పడగ్గదిలో కూర్చోబెట్టానన్నావు."

ఫోను వెలుగు మెల్లగా మంచం వైపు తిప్పాను.

ఎవరూ లేరు. పరుపు మాత్రం ఓ చివర లోతుగా దిగి ఉంది.

నేను చూస్తుండగానే... అది నెమ్మదిగా పైకి లేచింది.