చిన్నత్త తరలింపు

మంగళవారం ఉదయం పదకొండింటికి సర్వర్ రూమ్ తలుపు తెరిచేసరికి మెషీన్ల మాస్టారు నేల మీద బోర్లా పడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ డేటా సెంటర్‌ని కంటికి రెప్పలా చూసుకున్న సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ ఆయన. నిప్పు అంటుకుంటే ఆర్పడానికి పెట్టిన గ్యాస్ నిప్పు లేకుండానే గదిలోకి విడుదలైంది. తలుపు బయటి నుంచి లాక్ అయింది. మెయింటెనెన్స్ వాళ్లు ప్రమాదమని రాసేసి, నేల తుడిపించి, పన్నెండున్నరకల్లా భోజనానికి వెళ్లారు.

రిపోర్టులో ఆ భోజనం ముక్క దాకా చదివి ఏజెంట్ కాకర ఫైలు మూసేసింది. ఆమె మొహం చూస్తే నోరు చేదెక్కుతుందని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో కుర్రాళ్లు పెట్టిన పేరు అది. తర్వాత అదే కోడ్ నేమ్ అయి కూర్చుంది. నలభై ఆరేళ్ల వయసు, ఇరవై ఒక్కేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఆమెకు ఈ వృత్తి మీద మిగిలింది ఒకటే భావం, వెగటు.

ప్రమాదం కాదు, హత్య అన్నాడు చీఫ్. మొత్తం సంగతి ఐదు నిమిషాల్లో చెప్పాడు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్లన్నీ వర్చువల్ మెషీన్లు. అంటే ఒక పెద్ద ఇంట్లో వాటాల్లో కాపురమున్నట్టు, ఒక్కో ఇనప పెట్టెలో యాభేసి మెషీన్లు సర్దుకుని ఉంటాయి. ఆ వాటాలు పంచి, తగువులు తీర్చే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఓనర్ మారాడు, కొత్త ఓనర్‌తో పడలేదు. అందుకని మూడు వందల పన్నెండు మెషీన్లనీ విడతల వారీగా వేరే క్లౌడ్ ప్లాట్‌ఫామ్‌కి తరలిస్తున్నారు. శనివారం మూడో విడత.

అందులో ఒక్క మెషీన్ మాత్రం కదలకూడదు. దాని పేరు చిన్నత్త. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న నలభై ఒక్కమంది ఏజెంట్ల అసలు పేర్లు, ఫొటోలు, చిరునామాలు దాని కడుపులో ఉన్నాయి. ఒక విదేశీ ముఠా దానికోసం కాచుకుని ఉందని కబురు.

"నలభై ఒకటో ఫోల్డర్ ఎవరిదో మీకు తెలుసుగా సార్," అంది కాకర.

"తెలుసమ్మా. అందుకే నిన్ను పిలిచాను."

అది ఆమె తమ్ముడిది. ఏదో దేశంలో పియానోలకు శ్రుతి చేసేవాడిగా ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. వాడిని ఈ ఉద్యోగంలో చేర్పించింది కూడా ఆమే. ఆ పని తలుచుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే రోత పుడుతుంది.

లోపల మన మనిషి ఒకడున్నాడని చీఫ్ ధైర్యం చెప్పాడు. క్లౌడ్ కంపెనీ తరఫున వచ్చిన ఆర్కిటెక్ట్. పదేళ్లుగా ముఠాలో కలిసిపోయి మనకు రహస్యాలు పంపుతున్న డబుల్ ఏజెంట్. అతని ఫైలు కూడా ఆమెకు పంపించాడు. 'పాత ఇంట్లో గాలీ వెలుతురూ బాగుండేవి' అని అతనంటాడు, 'దోమలు కూడా' అని ఆమె అనాలి. అదీ కోడ్.

గురువారం పొద్దున్న కాకర నెరిసిన విగ్గు, సోడాబుడ్డి కళ్లద్దాలు, పొడుగు చేతుల స్వెట్టర్ వేసుకుని మైగ్రేషన్ ఆడిటర్‌గా డేటా సెంటర్‌లో దిగింది. గాడ్జెట్ల విభాగం వాళ్లు చెవి మిషన్‌లా కనిపించే రేడియో ఒకటి ఇచ్చారు. హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న ట్యాబ్లెట్ ఏం చేస్తోందో అది చెవిలో చెబుతుంది. దాని పుణ్యాన ఆఫీసులో ప్రతివాడూ ఆమెకు చెముడనుకుని చెవి దగ్గరికొచ్చి అరిచాడు. ఒకడి నోట్లోంచి బిస్కెట్ ముక్కలు కూడా వచ్చి పడ్డాయి.

ఆఫీసు కూడా అలాగే ఉంది. కీబోర్డు మీటల సందుల్లో చిప్స్ పొడి, కాఫీ మిషన్ గొట్టానికి నాచు, మీటింగ్ రూమ్‌లో మూసిన కిటికీల వెనక ఎవరో విప్పిన బూట్ల కంపు. ఎనభై నాలుగు పేజీల మైగ్రేషన్ ప్లాన్ మీద ఐదుగురు పెద్దలు సంతకాలు పెట్టారు. ప్లాన్‌లో ఏముందని కాకర ఒక్కొక్కరినీ అడిగింది. రెండోవాడు మొదటివాడు చదివే ఉంటాడన్నాడు. మూడోవాడు ఇద్దరు చదివాక తనెందుకని అన్నాడు. మొదటివాడు, తన తర్వాత నలుగురు చూస్తారు కదా అని తాను చూడలేదన్నాడు. ఐదో సంతకం చీఫ్‌ది. ఆయన్ని అడగడానికి ఆమెకు మనసు రాలేదు.

ఆ ప్లాన్‌లో మనిషి చెయ్యి కనిపించేది మాస్టారు పెట్టిన పేర్లలోనే. ఏ మెషీన్ దేని మీద ఆధారపడి ఉందో గుర్తుండటానికి ఆయన అన్నిటికీ చుట్టరికాలు కలిపాడు. అందరి పాస్‌వర్డ్‌లూ తనిఖీ చేసేది పెదమామ. ఒకే పని చేస్తూ ఒకదాంతో ఒకటి మాట్లాడుకోనివి తోడల్లుళ్లు. ఎప్పుడో వేరే ప్లాట్‌ఫామ్ నుంచి వచ్చి ఇక్కడే తిష్ట వేసింది ఇల్లరికపుటల్లుడు. చిన్నత్త లేకపోతే పనిచేయనిది మేనకోడలు. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే ఎవరిని ఎవరితో కలిపి పంపాలో తెలిసిపోతుంది. మూడు రోజుల్లో కాకరకి నచ్చిన మనిషి ఆయనొక్కడే, ఆయనా చచ్చిపోయాడు.

ఆర్కిటెక్ట్ మాత్రం అందరికీ నచ్చాడు. సినిమా హీరోలా ఉంటాడు. నలగని లినెన్ సూటు, లిఫ్ట్ దిగిన పావుగంట దాకా లిఫ్ట్‌ని వదలని సెంటు. రిసెప్షనిస్టు నుంచి సెక్యూరిటీ గార్డు దాకా అతని నవ్వుకి పడిపోనివాళ్లు లేరు. కాఫీ మిషన్ దగ్గర ఆమె పక్కన నిలబడి, పాత ఇంట్లో గాలీ వెలుతురూ బాగుండేవి మేడమ్ అన్నాడు. దోమలు కూడా అని ఆమె బదులిచ్చింది. మాస్టారి గురించి చెబుతూ కళ్లు కూడా తుడుచుకున్నాడు. రుమాలు తడవలేదని కాకర గమనించింది. అయినా మగవాళ్ల ఏడుపు అంతంతమాత్రమే అనుకుని ఊరుకుంది.

శనివారం భోజనాల వేళ ఆమె మూడో విడత జాబితా ముందేసుకుని కూర్చుంది. అన్నీ పనికిమాలిన మెషీన్లే. పార్కింగ్ స్లాట్లు చూసేది, సెలవు చీటీలు దాచేది. వాటి మధ్య ఇరవై ఏడో వరసలో ఒక పేరు ఉంది, 'కజిన్'.

కాకర ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. మూడు వందల పన్నెండు పేర్లలో ఇంగ్లీషు చుట్టం ఇదొక్కటే. మేనమామ కొడుకైతే మాస్టారు బావ అని రాసేవాడు. పెదనాన్న కొడుకైతే అన్న అనో తమ్ముడు అనో రాసేవాడు. ఎవరి తరఫు చుట్టమో చెప్పని పేరు మాస్టారికి ఎందుకూ పనికిరాదు. ఎదురుగా కూర్చుని పళ్లముక్కలు తింటున్న ఆర్కిటెక్ట్‌ని ఆమె మామూలుగానే అడిగింది.

"ఈ కజిన్ ఎవరి తాలూకండీ? మేనరికమా, దాయాదా?"

"ఏదైతే ఏముంది మేడమ్? కజిన్ అంటే కజినే కదా," అని నవ్వాడతను. "అది మాస్టారే పెట్టారు. నాతో చెప్పారు కూడా."

ఆమె కూడా నవ్వింది. కజిన్ సైజు చూస్తే చిన్నత్త సైజుతో ఆఖరి బైటు దాకా సరిపోయింది. అది చిన్నత్తకి నకలు. చచ్చిపోవడానికి ముందు మాస్టారు చూసింది ఈ వరసనే అయి ఉండాలి. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

అన్నం అలాగే వదిలేసి ఆమె ఎనభై నాలుగు పేజీలూ చదివింది. నలభయ్యో పేజీలో కజిన్ డిస్క్‌కి తాళం తీసేశాకే పంపాలని ఉంది. యాభై మూడులో అది చేరే క్లౌడ్ ఖాతా నంబరు ఉంది, అది డిపార్ట్‌మెంట్‌ది కాదు. మొదటి కాపీ గురువారమే అవతలికి వెళ్లిపోయింది. ఈ రెండు రోజుల్లో ఇవతల ఏం మారిందో అది మాత్రం శనివారం నాలుగింటిలోపు ఆ కాపీ పనిలో చివరి విడతగా వెళుతుంది. మామూలుగా అది చేరేదాకా అవతలి కాపీ తెరుచుకోదు. అరవై ఒకటో పేజీ చదివి ఆమె ఫోన్ పట్టుకుని లేచింది.

మూడూ ముప్పై ఎనిమిదికి మెట్ల కింద నిలబడి చీఫ్‌కి ఫోన్ చేసింది. ఆయన మాట తడబడింది. పదేళ్లుగా తను నెత్తిన పెట్టుకున్న మనిషి తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడంటే నమ్మలేకపోయాడు. నమ్మాక మాత్రం, వెంటనే వైరు పీకెయ్యమన్నాడు.

"పీకితే అయిపోయినట్టే సార్. లైను తెగినా, నాలుగు దాటినా, ఇక్కడి మెషీన్ పోయిందనుకుని అక్కడి కాపీ దానంతటదే తెరుచుకుంటుంది. ఆ రూలు మీరు సంతకం పెట్టిన ప్లాన్‌లోనే ఉంది."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏం చేద్దామని చీఫ్ నీరసంగా అడిగాడు.

కాకర చెప్పింది. ఆపొద్దు, పోనిద్దాం. ఇవతల కజిన్‌లో ఏం మార్చినా చివరి విడతలో ఆ మార్పు బుద్ధిగా అవతలికి వెళ్లి పాతదాని నెత్తిన కూర్చుంటుంది. కాబట్టి నలభై ఒక్క ఫోల్డర్లనీ సున్నాలతో తుడిచేసి, వాటి చోట వేరేవి పెడితే చాలు. అసలు చిన్నత్త తన గదిలో తను చల్లగా ఉంటుంది. చనిపోయిన ఏజెంట్లలో, పోయారని బయటికి పొక్కనివాళ్ల పాత ఫైళ్లు నలభై పంపమంది. కజిన్‌కీ అదే కాబట్టి చిన్నత్త పాస్‌వర్డ్ కూడా కావాలంది. చీఫ్ కాస్త నీళ్లు నమిలి చెప్పాడు. ఆయన పేరే, పక్కన ఒకటి రెండు మూడు. కాకర కళ్లు మూసుకుని తెరిచింది.

"నలభై ఒకటో ఫైలు?" అన్నాడు చీఫ్.

"నా దగ్గరుంది సార్."

మూడూ నలభై ఐదుకి ట్యాబ్లెట్ తుడవడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు అని చెవి మిషన్ లెక్కపెడుతోంది. కాకర బ్యాగ్ ఒళ్లో పెట్టుకుని కన్సోల్ ముందు కూర్చుంది. మూడూ యాభై నాలుగుకి సెంటు వాసన ముందొచ్చింది, వెనక ఆర్కిటెక్ట్ వచ్చాడు. చివరి విడతకి ఆడిటర్ ఆమోదం కావాలి. ఆమె నొక్కకపోయినా కాపీ తెరుచుకుంటుంది గానీ, రికార్డులో ఎర్ర గుర్తు పడుతుంది, నలుగురూ అడుగుతారు. పైగా రెండు రోజుల మార్పులు చేరని కాపీ అతుకులబొంతలా ఉంటుంది. అతనికి సరుకు శుభ్రంగా కావాలి.

"ఒక్క క్లిక్ మేడమ్. పది సెకన్ల పని."

"చదవకుండా నొక్కడం నాకు అలవాటు లేదండీ," అని కాకర ప్లాన్ తీసి మొదటి పేజీ మీద వేలు పెట్టింది.

చెవిలో ఇరవై ఎనిమిది అంది. ఆమె ప్రతి వరసా పెదాలు కదుపుతూ చదివింది. కళ్లద్దాలు తుడుచుకుంది. అక్షర దోషాలు సరిదిద్దింది. ఐదుగురు పెద్దలు చదివేశారు కదా మేడమ్ అని అతను వేళ్లతో టేబుల్ మీద దరువేశాడు. ముప్పై ఆరు. అతని నవ్వు తగ్గింది. చెయ్యి కోటు జేబులోకి వెళ్లి అక్కడే ఉండిపోయింది. మాస్టారి దగ్గర కూడా ఈ చెయ్యి ఇలాగే జేబులోకి వెళ్లి ఉంటుందనుకుంటే ఆమెకు భయం కంటే ముందు అసహ్యం వేసింది.

మూడూ యాభై తొమ్మిది. నలభై అంది చెవి మిషన్. తర్వాత ఆగింది. తమ్ముడి ఫోల్డర్‌లో ఫొటోలు ఎక్కువ. వాడికి చిన్నప్పట్నుంచీ ఫొటోల పిచ్చి. కాకర ఇంకో అక్షర దోషం దిద్దింది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు పరిగెత్తుతోంది.

"మేడమ్, ఇంక చాలు," అన్నాడతను. అది అడగడం కాదు.

నలభై ఒకటి. కొత్త ఫైళ్లు ఎక్కాయి.

"చాలు," అని కాకర బటన్ నొక్కింది. నాలుగింటికి ఇంకా పదకొండు సెకన్లున్నాయి. తెర మీద గీత నిండింది. తరలింపు పూర్తయిందని పచ్చటి అక్షరాలు వచ్చాయి.

ఆర్కిటెక్ట్ జేబులోంచి ఖాళీ చెయ్యి తీసి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. మీలాంటి శ్రద్ధ గలవాళ్లు అరుదు మేడమ్ అన్నాడు. ఆరింటి విమానానికి వెళుతున్నానని, పాత మిత్రులు పిలిచారని చెప్పాడు. తప్పకుండా వెళ్లండి అంది కాకర. అతను వెళ్లాక బాత్రూమ్‌లో మూడుసార్లు సబ్బుతో చెయ్యి కడుక్కుంది. ఇంకా ఏదో అంటుకునే ఉన్నట్టనిపించింది. గెలిచానన్న సంతోషం కోసం లోపల వెతికింది, దొరకలేదు. అతను మాస్టారిని చంపాడు. ఆమె అతనికి తలుపు తీసి సాగనంపింది. ఈ వృత్తిలో తేడా అంతే.

ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. ఎవరింట్లోనో పియానోలోంచి ఎలుక దూకిందని అరగంట చెప్పి నవ్వాడు. నీకేంటక్కా విశేషాలు అని అడిగితే, ఏముందిరా, ఆఫీసులో సామాన్లు సర్దామంది. నీ గొంతేంటి అలా ఉందన్నాడు. జలుబని చెప్పి, వాడు పెట్టేసేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని కూర్చుంది.

సోమవారం చీఫ్ తన గదిలో, అవతలికి వెళ్లిన జాబితా ముందు పెట్టుకుని ఉన్నాడు. నలభై ఒకటో ఫోల్డర్‌లో ఆర్కిటెక్ట్ ఫొటో ఉంది. పదేళ్లుగా అతను ముఠా కళ్లు కప్పి మనకు పంపిన ప్రతి రహస్యం తారీఖులతో సహా ఉంది. చీఫ్ స్వయంగా రాసిన మెచ్చుకోలు లేఖలున్నాయి. కాకర అందులో ఒక్క అబద్ధం కూడా కలపలేదు.

"విమానం దిగాడట. వాళ్ల మనుషులే కారు తెచ్చి ఎక్కించుకెళ్లారు," అన్నాడు చీఫ్. "కానీ అమ్మా, అంత పెద్ద ఫైలు కదా. వాళ్లు ఆఖరి దాకా చూస్తారంటావా?"

"చూస్తారు సార్," అంది కాకర లేస్తూ. "వాళ్లు మనలా కాదు, ముందు చదువుతారు."