పేరు చెప్పకుండా కొట్టించిన గంట

కమలాపురంలో మే నెల మధ్యాహ్నమంటే మాటలా? వీధిలో కుక్క కూడా తిరగదు. అలాంటి ఎండలో, నాపరాళ్ళ మిద్దె కింద, బుద్ధి ఉన్న మనిషి ఎవడైనా కిటికీలకు పరుపులు అడ్డం కట్టి, ఫ్యాను ఆపుకుని కూచుంటాడా? వసంతకుమార్ కూచుంటాడు. తను కూచోవడమే కాదు, పెళ్ళాన్ని కూడా కూచోబెడతాడు.

"ఫ్యాను మోత ఉంటే నీకు సరిగ్గా వినపడదు మే రెజీనా. కొంచేపు ఓర్చుకో," అన్నాడు.

రెజీనా పైటతో మెడ తుడుచుకుంది. అతనికి ఆమె సొంత మేనమామ కూతురు. ఇంటి ముందున్న చర్చిలో ఆదివారం కీబోర్డు వాయించేది ఆమే. ఆమె చెవి మీద వసంతకుమార్‌కు అంత గురి. ఆమె విని బాగుందంటేనే ఏదైనా బయటికి పంపుతాడు. వాళ్ళ బిడ్డ ఆరాధనకు మొన్న ఈస్టరుకు ఏడేళ్ళు నిండాయి. ముందర గదిలో నేల మీద బోర్లా పడుకుని బొమ్మలకు రంగులు వేసుకుంటోంది.

నాలుగేళ్ళుగా వసంతకుమార్ ఈ ఆల్బమ్ పనిలోనే ఉన్నాడు. ఇది మనం వినే పాటల్లాంటిది కాదు. పల్లవి లేదు, చరణం లేదు, పాడేవాళ్ళు అసలే లేరు. పాపాఘ్ని ఏట్లో గాలి, నాపరాయి కోసే మిషను రొద, కంప్యూటర్లో పుట్టించిన సన్నని హోరు, వాటి కింద మద్రాసులో పదకొండు మంది చేత వాయింపించిన వయొలిన్లు. ఊళ్ళో ఎవరికి వినిపించినా "ట్రాన్స్‌ఫార్మర్ మాదిరి మోగుతాందే" అని నవ్వారు. చివరికి బెంగుళూరు కంపెనీ ఒకటి తీసుకుంటామంది. రేపు పంపాలి. మనిషికి మూడు రోజులుగా నిద్ర లేదు.

పెద్ద హెడ్‌ఫోన్లు ఆమె తలకు తగిలించి, తను తెర ముందు కూచున్నాడు. గది చీకటి. కొబ్బరిపీచు పరుపుల వాసన, వేడెక్కిన వైర్ల వాసన. మొదటి మూడు పాటలు వింటుంటే రెజీనాకు ఒళ్ళు తేలికైంది. నా బావ ఎంత పని చేశాడు, అని గర్వంగా కూడా అనిపించింది.

నాలుగో దాంట్లో వయొలిన్లు ఒక్కొక్కటే తప్పుకున్నాయి. హోరు పల్చబడింది. చివరికి గాలి ఒక్కటే మిగిలింది. అప్పుడు మోగింది గంట.

తమ చర్చి గంటే. అందులోనూ అది ఆదివారం గంట కాదు. సావు గంట.

ఆదివారం గంట గబగబా మోగుతుంది. సావు గంట అలా కాదు. ఒక్కసారి కొట్టి, ఆ మోత పూర్తిగా అణిగేదాకా ఆగి, మళ్ళీ ఒక్కసారి కొడతారు. పోయినవాళ్ళకు ఎన్నేళ్ళో అన్నిసార్లు. మొదటి దెబ్బ వినపడగానే ఆ వీధి ఆడవాళ్ళు చేతిలో పని ఆపి వేళ్ళు మడుస్తారు. ఎక్కడ ఆగిందో చూసి, ఎవరు పోయారో అనుకుంటారు. పిల్లలకు కూడా ఆ అలవాటే.

రెజీనా వేళ్ళు వాటంతట అవే మడుచుకున్నాయి. పది. ఇరవై. ముప్పై ఒకటి దాటినప్పుడు, అది తన మొగుడి వయసు కనక, తెలియకుండానే ఊపిరి వదిలింది. నలభై... యాభై...

చుట్ట వాసన వచ్చింది. ఆ ఇంట్లో చుట్ట తాగేవాళ్ళు లేరు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎవరో ముసలివాళ్ళు ఆయాసపడుతున్నట్టు ఊపిరి...

డెబ్బై ఒకటి. ఆగింది.

హెడ్‌ఫోన్లు లాగేసింది. "సావు గంట ఎవరికి కొట్టించినావు బావా?"

"ఎవరికీ లేదు. ఊరకే. ఆనందం తాతను బతిమాలి కొట్టించుకున్యా."

నలభై ఏళ్ళుగా, నోట్లో చుట్ట తీయకుండా, ఆ చర్చి గంట కొట్టేది ఆనందం తాతే. "తాత ఎట్ల ఒప్పుకున్యాడు?"

"యాడ ఒప్పుకుంటాడు! తాడు పట్టుకోని, పేరు చెప్పప్పా, పేరు చెప్పకుండా ఈ గంట కొట్టగూడదు అని ఒకటే మంకుపట్టు. ఎవరిదో ఒకరిది అనుకో తాతా, పన్నెండు కొట్టు చాలు అన్యా."

"పన్నెండా?"

"పన్నెండే. సూడు." తెర మీద గీత పన్నెండు చోట్ల పైకి లేచి ఉంది. ఆమె వేలు పెట్టి లెక్కపెట్టింది. పన్నెండే.

"నేను డెబ్బై ఒకటి విన్యా."

"ఎండకు కునుకు పట్టింటాది లే," అని నవ్వాడు.

ఆ నవ్వు పూర్తి కాలేదు. పరుపుల అవతల నుంచి, బయట, నిజం గంట మోగింది. ఒకటి. చాలాసేపటికి రెండు. పన్నెండు దాటాక వసంతకుమార్ తెర వైపు చూడ్డం మానేశాడు. రెజీనా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

డెబ్బై ఒకటి దగ్గర ఆగింది.

రెజీనా పెరటి గోడ దగ్గరికి పరుగెత్తింది. పక్కింటి హుసేనమ్మ అప్పటికే గోడ మీదికి వంగి ఉంది. "ఆనందం తాత పోయినాడంట మే! అన్నం తిని చర్చి అరుగు మీద పండుకున్యాడంట, మళ్ళ లేయలేదు. పాస్టరయ్యే గంట కొట్టినాడు. మంచి మనిషి, పాపం..."

రెజీనా గదిలోకి తిరిగొచ్చింది.

"తీసెయ్ బావా. ఇప్పుడే తీసెయ్."

"మే, నాలుగేండ్ల కష్టం..."

"నీ కష్టం మంటగలవ! పేరు చెప్పకుండా కొట్టిస్తివి. పేరు లేని గంట ఎవరినైనా పిలుస్తాది. రేపు ఊరంతా వింటారు, దేశమంతా వింటారు. ఎవరికి ఎన్ని మోగుతాదో నీకేం తెలుసు?"

వసంతకుమార్ తెర వైపు తిరిగాడు. నాలుగో పాటను చెరిపేశాడు. కాపీని చెరిపేశాడు. పెన్‌డ్రైవ్‌లోది కూడా చెరిపేశాడు. అంతా అయిందని వెనక్కి వాలినవాడు ఉన్నట్టుండి లేచి కూచున్నాడు.

"ఫోన్లో ఒకటి ఉండాది."

"ఏం ఫోను?"

"చిన్న ఫోన్లో ఎట్ల వినపడతాదో సూద్దామని పొద్దున ఎక్కించినా... ముందర గదిలో..."

ఆమె ఆ మాట పూర్తిగా వినలేదు.

ముందర గదిలో ఆరాధన రంగులు పక్కన పడేసి, గోడకు ఆనుకుని కూచుని ఉంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. ఒళ్ళో ఫోను. కుడి చేతి వేళ్ళు ఐదూ మడిచి ఉన్నాయి. ఎడమ చేతిలో ఒకటి.

గదంతా చుట్ట వాసన.

వసంతకుమార్ ఒక్క ఉదుటున దూకాడు. వైరు అతని చేతికి అందేసరికి, పిల్ల ఇంకో వేలు మడిచింది. "ఏడు," అంది మెల్లగా.

"లాగొద్దు!" రెజీనా అతని మణికట్టు పట్టేసుకుంది. గోళ్ళు దిగబడ్డాయి.

"ఎందుకు మే?"

"ఇప్పుడు లాగితే... ఏడు దగ్గరే ఆగిపోతాది..."

అతని చెయ్యి గాల్లోనే ఆగింది. ప్రభువా, ఎనిమిది. ఒక్కటి. ఇంకొక్కటి మోగించు తండ్రీ. డెబ్బై మోగించు, నూరు మోగించు... నా బిడ్డకు ఏడు దగ్గర ఆపొద్దు. రెజీనా కళ్ళు ఆ చిన్న వేలి మీదే ఉన్నాయి. అది మడుచుకోలేదు. ఇందాక దెబ్బకూ దెబ్బకూ మధ్య ఇంతసేపు పట్టలేదు. ఇంతసేపు అస్సలు పట్టలేదు...

ఆరాధన తలెత్తి తల్లిని చూసింది. ఆనందం తాత పోయాడని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

"అమ్మా, తాత ఇంకా తాడు పట్టుకోనే ఉండాడు," అని గుసగుసగా అంది. "పేరు అడుగుతాండాడు. చెప్పేదా?"